మూడోవాడి కేక

మూడోవాడిని పడగొట్టడానికి ఒక పద్ధతి ఉందట. నాలుగో అంకం మొదట్లో, పాడుబడిన అంతరిక్ష నౌక లోపల, దళంలోని నలుగురూ ఒకరి వెనక ఒకరు పొడవాటి వసారాలో నడుస్తున్నప్పుడు, ముందున్న నాయకుడు ఆగి వెనక్కి తిరగాలి. శత్రువులు ఇంకా అల్లంత దూరాన ఉంటారు కాబట్టి తొందరేమీ లేదు. తీరిగ్గా గురిచూసి మూడోవాడి కుడిచేతి మీద కాల్చాలి. గుండెల మీద కాలిస్తే ఊరికే మూలిగి కూలబడతాడట, అది దండగ. చేతి మీద కాలిస్తేనే అసలు సరుకు బయటికి వస్తుందట.

ఈ విద్యని ఆమెకి ఓపిగ్గా నేర్పుతున్నవాడు, కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆ ఆఫీసులో బొమ్మల విభాగానికి పెద్ద. ఇద్దరు పిల్లల తండ్రి. నెత్తిన జుట్టు పలచబడే కొద్దీ కింద గడ్డం పెంచుకుంటూ వచ్చాడు కాబట్టి ఆఫీసులో అందరికీ అతను గడ్డమే. ఒకరి జోలికి పోడు, ఎవరి మీదా గొంతు పెంచడు, చీమకి కూడా అపకారం తలపెట్టని మనిషని పేరు.

"ఇప్పుడు వినండి మేడం," అని గడ్డం బటన్ నొక్కాడు.

తెర మీద మూడోవాడి చెయ్యి ఎగిరిపడింది. ఆమె హెడ్‌ఫోన్లలో కేక మోగింది. కొంచెం దూరం నుంచి, ఏదో గది మూల నుంచి వచ్చినట్టు వచ్చింది. ముందు ఊపిరి లోపలికి లాక్కున్న చప్పుడు, తర్వాత గొంతు, ఆ గొంతు మధ్యలో ఒకచోట విరిగి సన్నబడడం. ఆపైన మూలుగులు, ఒకదాని వెనక ఒకటి.

"ఆ దూరం చూశారా? మైకుకి మూతి ఆనించి అరిచినట్టు ఉండదు. అప్పట్లో మీరు ఎలా తీశారో గానీ, ఇప్పటిదాకా ఇంకెవరికీ చేతకాలేదు," అన్నాడు గడ్డం. అతని మొహం వెలిగిపోతోంది.

"సరే, లేపెయ్యండి వాణ్ని," అంది ఆమె.

"ఆగండి మేడం. లేపితే మూలుగు ఆగిపోతుంది కదా. మా కాలేజీ రోజుల్లో పందేలు వేసుకునేవాళ్ళం. ఎంతసేపు లేపకుండా ఉంచగలమా అని. మా గదిలో ఒకడు వాణ్ని అలా పడేసి స్నానం చేసొచ్చాడు."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మూత్రానికి వెళ్ళొస్తానని చెప్పి, ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, మోచేతుల దాకా కడుక్కుంది. ఆ కేక ఎవరిదో గడ్డానికి తెలియదు. ఆఫీసులో ఇద్దరికే తెలుసు. ఒకరు పెద్దసారు. రెండోది ఆమె.

ఆ ఆట పేరు 'చివరి దళం'. వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు దానికి కొత్త రంగులేసి, బొమ్మలు సానబట్టి, మళ్ళీ అమ్మకానికి పెడుతున్నారు. శబ్దాలన్నీ శుభ్రం చెయ్యడం ఆమె పని, ఎందుకంటే ఇప్పుడు శబ్ద విభాగానికి ఆమే పెద్ద. ఏ శబ్దం ఎక్కడ వస్తుందో తెలియాలంటే ఆట మొదటి నుంచి చివరిదాకా ఆడి తీరాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె దాని మొహం చూడలేదు. ఇంట్లో దాని డబ్బా ఒకటి ఉండేది, ఇల్లు మారినప్పుడు కావాలనే పాత ఇంట్లో వదిలేసింది.

మొదటి మూడు అంకాలు ఆడుతున్నప్పుడు నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది. ఎంత నాసిరకం ఆట అది. అంతరిక్ష నౌకలో అన్నీ ఒకే రకం గదులు, గోడల రంగు మార్చి పదిసార్లు వాడుకున్నారు. రెండోవాడు బాంబులు అంటించేవాడు, ప్రతి బాంబుకీ ఒకే పరాచికం ఆడతాడు. మూడోవాడు దారి చూసేవాడు, నెమ్మదస్తుడు, "ఇటు జాగ్రత్త" అంటాడు. నాలుగోవాడు దూరం నుంచి కాల్చేవాడు, వాడికి ఎప్పుడూ విసుగే. ముగ్గురూ దారిలో ఒకరినొకరు దెప్పుకుంటూ, అప్పుడప్పుడు గోడకి తల గుద్దుకుంటూ నడుస్తారు. ఇక నాయకుడు, అంటే ఆడేవాడు, ఏ పనీ చెయ్యడు. వేలు చూపిస్తాడు. రా, ఆగు, తలుపు పగలగొట్టు, వాణ్ని లేపు. ముగ్గురూ కిక్కురుమనకుండా చేస్తారు. ఆఫీసుల్లో పెద్ద కుర్చీలెక్కే వాళ్ళకి ఈ ఆట ఎందుకంత నచ్చిందో అప్పుడు అర్థమైంది ఆమెకి.

దళంలో ఎవడూ చావడు. అదీ ఈ ఆటలో గొప్ప. దెబ్బ తగిలితే పడిపోతాడు, పడి మూలుగుతూ ఉంటాడు, నాయకుడు దగ్గరికి వెళ్ళి పచ్చ బటన్ నొక్కితే లేస్తాడు. నొక్కకపోతే అలాగే పడి ఉంటాడు, ఎంతసేపైనా. మనసున్నవాడు వెంటనే నొక్కుతాడు అనుకుని తయారుచేశారు. లక్షలమంది ఆడి, లక్షలమంది కావాలని మూడోవాడిని కాల్చి, నొక్కకుండా కూర్చుని విన్నారు. ఆ కేకని ఫోన్ మోతగా పెట్టుకున్నారు. సరదా వీడియోల్లో అతికించారు. పిల్లి బల్ల మీద నుంచి జారి పడితే ఆ కేక, పరీక్ష తప్పినవాడి ఫొటో మీద ఆ కేక. ఇవన్నీ ఆమెకి తెలుసు. బస్సులో పక్క సీటు ఫోన్లో అది వినిపిస్తే, ఒక స్టాపు ముందే దిగి నడిచి వెళ్ళిన రోజులున్నాయి.

చేతులు తుడుచుకుని తిరిగి వచ్చేసరికి పెద్దసారు ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ ఆట తీసినప్పుడు డైరెక్టరు ఆయనే. అప్పుడు సన్నగా ఉండేవాడు, ఇప్పుడు కుర్చీ నిండా ఉన్నాడు.

"గడ్డం చెప్పాడా? కొత్త పతకం పెడుతున్నాం," అన్నాడు. "మూడోవాణ్ని వందసార్లు పడగొడితే 'కేక పతకం'. ప్రకటన కూడా దాంతోనే మొదలవుతుంది. చీకటి తెర, బొమ్మేమీ ఉండదు, ఒక్క కేక. జనం వెర్రెత్తిపోతారు."

"వేరే కేక తీద్దాం సార్. ఇప్పుడు మంచి ఆర్టిస్టులు ఉన్నారు."

"ఎంతమందిని తెచ్చినా అది రాదని నీకు తెలీదా? నువ్వు తీసిందేగా." ఆయన ఒక కాగితం బల్ల మీదికి జరిపాడు. "పాత ఒప్పందాలు చెల్లవట, లాయర్లు పట్టుకుని కూర్చున్నారు. గొంతిచ్చిన ప్రతివాళ్ళూ మళ్ళీ సంతకం పెట్టాలి. సంతకం లేని గొంతు వాడడానికి వీల్లేదు. అందరివీ వచ్చేశాయి, మీ బాబాయిది తప్ప. సొంత మనిషేగా, నువ్వు అడిగితే కాదంటాడా? సాయంత్రంలోగా పట్రా. ఆ, అసలు టేపు కూడా తీసి విను. డిస్కులో ఉన్నదానికంటే శుభ్రంగా ఉంటుంది."

అందులో ఏ మాటకీ ఆయన గొంతు తడబడలేదు. ఆ మనిషి ఆ రోజు ఆ గదిలోనే ఉన్నాడు. ఆ నెత్తురు చూశాడు. చూసి, టేపు ఆమె చేతిలోంచి లాక్కుని, "ఇది కళ, దీన్ని చెరపడానికి నువ్వెవరు" అన్నాడు. అంత తిన్నగా, నున్నగా బతికేస్తున్నాడు. ఆయన్ని చూస్తే ఆమెకి అసహ్యం. కానీ ఆ అసహ్యాన్ని పంతొమ్మిదేళ్ళుగా ఒక పనికి వాడుకుంటోంది, దాని చాటున తను కూర్చోవడానికి. లాక్కున్నది ఆయన. తనేం చెయ్యగలిగేది? ఇరవై మూడేళ్ళు, కొత్త ఉద్యోగం. ఆ కేక పుణ్యమా అనే ఆ ఉద్యోగం గట్టిపడిందన్న సంగతి మాత్రం తలుచుకునేది కాదు.

పాత టేపులన్నీ మెట్ల కింద ఇనుప బీరువాలో ఉన్నాయి. బీరువా తీస్తే బూజు వాసన గుప్పున కొట్టింది. డబ్బా మీద ఆమె దస్తూరీయే, అప్పటి గుండ్రటి అక్షరాలు: 'మూడు, కేకలు'. ఆ డబ్బా పట్టుకుని ఎవరూ లేని చిన్న గదిలోకి వెళ్ళి, పాత మిషను దుమ్ము దులిపి, టేపు ఎక్కించింది.

బాబాయి అంటే సొంత నాన్న తమ్ముడు. అప్పట్లో గడియారాలు బాగుచేసేవాడు. కన్నుకి భూతద్దం బిగించి, చిన్న చిమటాతో, వెంట్రుకంత స్ప్రింగుల్ని ఎత్తి పెట్టేవాడు. గొంతు కూడా బాగుండేది. రావలసిన ఆర్టిస్టు రాకపోతే, మూడు రోజుల పనేగా అని ఆమే బతిమాలి తీసుకొచ్చింది. మాటలన్నీ చక్కగా చదివేశాడు. కేక దగ్గరే వచ్చింది చిక్కు. మర్యాదస్తుడు, అరవమంటే సిగ్గుపడ్డాడు. పద్నాలుగుసార్లు అరిపించారు. పద్నాలుగూ టేపులో ఉన్నాయి.

"ఇది కేకా? బ్యాంకు వరసలో నిలబడి విసుక్కున్నట్టుంది," అంటున్నాడు టేపులో డైరెక్టరు.

"బాబాయ్, చెయ్యి తెగిపోయిందనుకో," అంటున్న గొంతు ఆమెది. ఇరవై మూడేళ్ళ గొంతు, హుషారుగా.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకి బాగా గుర్తు. గొంతిచ్చేవాళ్ళు ఉండే గాజు గది తలుపుకి లోపలంతా ఇనుప పట్టీ. ఉక్కపోతకి మధ్యమధ్యలో తీసి ఉంచేవారు. రికార్డింగు మొదలెట్టే ముందు ఆమె తన బల్ల మీది మీట నొక్కితే, తలుపు తనంతట తానే లోపలికి లాక్కుని బిగుసుకునేది. ఆ మీట మళ్ళీ ఎత్తితేనే వదిలేది. తలుపు సరిగ్గా పడలేదేమో చూద్దామని బాబాయి లేచి వెళ్ళి సందులో చెయ్యి పెట్టాడు. తలుపు ఉన్న వైపు గాజులోంచి కనబడదు. ఆమె చూడకుండా మీట నొక్కింది. కేక వినగానే చటుక్కున మీట ఎత్తి పరిగెత్తింది. పొరపాటే, ఘోరమైన పొరపాటే. కానీ క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. ఇదీ ఆమెకి గుర్తున్నది. ఎన్ని రాత్రులు నిద్ర పట్టకపోయినా, చివరికి ఈ ఒక్క మాట పట్టుకునే కళ్ళు మూసుకునేది.

టేపు తిరుగుతోంది. కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. మీట పడిన టక్కు. కేక.

తర్వాత మీట ఎత్తిన చప్పుడు రావాలి. రాలేదు. మూలుగు. దాని మీద, మైకు బటన్ నొక్కి మాట్లాడుతున్న ఆమె గొంతు.

"అబ్బ, ఎంత బాగా వచ్చింది బాబాయ్. ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళి ఆగింది, దాటలేదు. అచ్చం ఇలాగే ఇంకోటి ఇవ్వు."

డైరెక్టరు చప్పట్లు. ఆమె నవ్వు. మూలుగు. "వింటున్నావా బాబాయ్? ఇంకోటి." మూలుగు. అప్పుడు ఎక్కడో దూరం నుంచి, మైకుకి అందీ అందకుండా, "అమ్మడూ, తలుపు." అప్పుడు టక్కుమని మీట.

ఆమె టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మూడోసారి గడియారం పెట్టుకుని విన్నది. పదకొండు సెకన్లు.

శబ్దం పని చేసేవాళ్ళు ఏదైనా మోత వినబడగానే ముందు దాని జోరు చూపించే ముల్లు చూస్తారు. ఎర్రగీత దాటితే శబ్దం పగిలిపోతుంది, పని పాడవుతుంది. అది అలవాటు కూడా కాదు, కంటికి పట్టిన జబ్బు. ఎదురుగా గాజు ఉంది. గాజు వెనక మైకు ముందు మనిషి లేడు. తల ఎత్తి ఉంటే ఖాళీ మైకు కనబడేది. పదకొండు సెకన్లపాటు ఆమె తల ఎత్తలేదు. మొదటిసారి నిజమైన కేక విని, అది బాగుందని నవ్వింది. ఇంకోటి అడిగింది.

గడ్డం గుర్తొచ్చాడు. లేపకుండా స్నానానికి వెళ్ళిన అతని గదివాడు గుర్తొచ్చాడు. ఇందాక వాళ్ళని చూసి కదా చేతులు కడుక్కుంది. వాళ్ళు బొమ్మని కాల్చారు. ఆటలో మూడోవాడు లేపేదాకా మూలిగే మూలుగులు, అవే ఈ పదకొండు సెకన్లు, కత్తిరించి అతికించినవి. అందరికంటే ముందు ఈ ఆట ఆడింది తను. తన మీద తనకి పుట్టిన రోత ఎలాంటిదంటే, టేపు ఆపడానికి చాచిన తన చెయ్యి చూస్తే కూడా వెగటు పుట్టింది.

టేపు చివర ఇంకా ఉంది. గందరగోళం, ఎవరో నీళ్ళు తెమ్మనడం, ఆమె ఏడుపు. బాబాయి గొంతు, వణుకుతూ: "ఇది ఉంచకు అమ్మడూ. చెరిపెయ్. ఎవరైనా వింటే మీ పిన్నికి తెలిసిపోతుంది." "చెరిపేస్తా బాబాయ్, ఒట్టు." అక్కడితో అయిపోయింది.

కేక, దాని వెనక పదకొండు సెకన్లు ఫోన్లోకి ఎక్కించుకుంది. కాగితం సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు నుంచి బయటపడింది.

బాబాయి కొట్టు బజారు చివర, రెండు పెద్ద కొట్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాలి. గడియారాల పని పోయి చాలా ఏళ్ళయింది. కుడిచేతి చూపుడు వేలూ మధ్యవేలూ సగానికి లేనివాడు చిమటా పట్టలేడు. ఇప్పుడు తాళంచెవులకి నకళ్ళు తీస్తాడు. మిషనుకి బిగించి పిడి తిప్పడమే కాబట్టి ఎడమచెయ్యి చాలు. గోడ నిండా కొక్కేలకి తాళంచెవులు, వాటి మధ్య ఒకే ఒక్క గడియారం, పాత అలవాటుకొద్దీ.

ఇంట్లో అందరికీ తెలిసిన కథ వేరు. కొట్టు షట్టరు చేతి మీద పడిందని చెప్పాడు బాబాయి. నాన్న పోయేదాకా అదే నమ్మాడు. పిన్ని ఇప్పటికీ షట్టరుని తిడుతుంది. మీట నొక్కింది అన్నయ్య కూతురని ఆయన నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు.

"ఏంటి అమ్మడూ, ఈ వేళప్పుడు? ఆఫీసు ఎగ్గొట్టావా?" అన్నాడు నవ్వుతూ. స్టూలు ఇవతలికి జరిపాడు. "కూర్చో. టీ చెప్పనా?"

"వద్దు బాబాయ్." కూర్చోలేదు. కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఆ ఆట మళ్ళీ వేస్తున్నారు. నీ సంతకం కావాలట."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం కింద నుంచి పైకి చదివాడు. గడియారాలవాళ్ళు అంతే, దేన్నైనా వెనక నుంచి చూస్తారు. "కేక కూడానా?"

"కేక కూడా." ఆమె కాగితం వైపే చూస్తూ అంది. "బాబాయ్, అది నేను చెరపలేదు."

"తెలుసులే."

"తెలుసా?"

"నా గొంతు నాకు తెలీదా అమ్మడూ? ఆ మరుసటేడే ఒకాయన తాళంచెవికి వచ్చాడు, జేబులో ఫోన్ మోగింది. నా గొంతే. చెవి చేసిచ్చి పంపించా. ఇంకోసారి మోగినప్పుడు మీ పిన్ని ఇక్కడే ఉంది. మీ గొంతులా ఉందే అంది. ఎవడో సినిమావాడిదిలే అన్నా." బల్ల సొరుగులో కలం వెతుకుతున్నాడు. "కొత్తగా చేరావు. పెద్దవాళ్ళు లాక్కుని ఉంటారు, నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

సరిగ్గా ఆమె మాటే. ఇన్నేళ్ళూ తనకి తను చెప్పుకున్న సాకు, అడగకుండానే, అక్షరం పొల్లుపోకుండా, ఆయన తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. ఆయన సంతకం పెడతాడు, పెద్దసారు భుజం తడతాడు, బాబాయికి తను ఎప్పటి అమ్మడే. కాకపోతే ఎక్కడెక్కడి జనమో ఈయన వేళ్ళు నలిగిన చప్పుడు వందసార్లు విని పతకం పుచ్చుకుంటారు.

బాబాయి కలం ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఎడమచేత్తో సంతకం నేర్చుకోవడానికి ఆయనకి ఏడాది పట్టింది. "ఎక్కడ పెట్టాలి, ఇక్కడేనా?"

ఆమె కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"ముందు ఒకటి విను బాబాయ్. ఆ రోజు టేపు ఇవాళ మొత్తం విన్నాను. నువ్వు కేక వేశాక తలుపు తియ్యడానికి పదకొండు సెకన్లు పట్టింది."

"పట్టదూ మరి? నువ్వు గదిలో లేవుగా."

ఆమెకి అర్థం కాలేదు. "లేకపోవడమేంటి?"

"మంచినీళ్ళకి వెళ్ళావు కదా. నేను అంత మూలుగుతున్నా ఎవరూ పలకలేదు. బల్ల దగ్గర ఉంటే అరుపు వినగానే తీసేదిగా, ఎక్కడికో వెళ్ళి ఉంటుంది పాపం అనుకున్నా. ఎక్కడికి వెళ్తావు, ఆ ఉక్కలో? మంచినీళ్ళకే." చాలా మామూలుగా చెప్పాడు, ఎన్నోసార్లు తనలో తను చెప్పుకుని అరిగిపోయిన మాటలా. "అందుకే ఎవరికీ చెప్పలేదు. ఎవరి తప్పూ కానిదానికి నీ పేరెందుకు తియ్యాలి?"

"నేను ఎక్కడికీ వెళ్ళలేదు బాబాయ్."

ఆయన కలం కింద పెట్టాడు.

"బల్ల దగ్గరే ఉన్నావా?"

"బల్ల దగ్గరే."

"వినబడలేదా?"

"వినబడింది. కేక బాగా వచ్చిందనుకున్నాను. ముల్లు చూస్తున్నాను. ఇంకోటి ఇమ్మని అడిగాను. నీ హెడ్‌ఫోన్లు మైకు దగ్గరే ఉండిపోయాయి, అందుకే నీకు వినబడలేదు."

బాబాయి కళ్ళజోడు తీశాడు. బల్ల మీద పెట్టాడు. కాసేపు దాని కాళ్ళు మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. బయట ఎవరో వచ్చి, తాళంచెవి చూపించి, ఎంతసేపు పడుతుందని అడిగారు. రేపు రమ్మన్నాడు.

"వినిపించు," అన్నాడు.

"వద్దు బాబాయ్."

"వినిపించమన్నా."

ఆమె తన హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టి ఫోన్ నొక్కింది. ఆమెకి ఏమీ వినబడదు. ఆయన మొహం ఒక్కటే కనబడుతోంది. కేక దగ్గర ఆయన కళ్ళు మూయలేదు, అది ఆయనకి కొత్తదేం కాదు. ఆమె గోడ గడియారం వైపు చూసింది. సెకన్ల ముల్లు ఒకటి, రెండు, మూడు దాటింది. నాలుగో సెకను దగ్గర బాబాయి దవడ కదిలింది, తింటున్నదాంట్లో రాయి తగిలినట్టు. ఆ తర్వాత ఇంక కదల్లేదు. పదకొండు అయ్యాయి. ఆయన హెడ్‌ఫోన్లు తీసి, తీగ చిక్కుపడకుండా చుట్టి, ఆమె ముందు పెట్టాడు.

"నవ్వావు," అన్నాడు.

క్షమించమని అడగాలని ఆమె దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ మాట నోట్లోకి వస్తే, సంతకం కోసం చాచిన కాగితం కంటే రోతగా అనిపించింది. ఇంకోటి ఇవ్వు బాబాయ్ అన్నట్టే ఉంటుంది అది కూడా.

బాబాయి కాగితాన్ని సగానికి మడిచి వెనక్కి ఇచ్చాడు. సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. మిషను స్విచ్చి తీశాడు, రాలిన ఇత్తడి పొడి గుడ్డతో తుడిచాడు, గుడ్డ కొక్కేనికి తగిలించాడు. సాయంత్రం ఏడింటిదాకా ఉండే కొట్టు అది. ఇంకా నాలుగు కాలేదు.

"నేను పెట్టను బాబాయ్ ఆ కేక," అంది ఆమె. "వాళ్ళని పెట్టనివ్వను. సంతకం లేకపోతే వాళ్ళకి కుదరదు."

"మంచిది," అన్నాడు. దారిన పోయేవాళ్ళతో అన్నట్టు అన్నాడు. "నువ్వు బయటికి నడు. కొట్టు కట్టేస్తున్నా."

ఆమె మెట్టు దిగింది. ఆయన వెనకాలే దిగి, షట్టరు కిందకి లాగడానికి ఎడమచెయ్యి ఎత్తాడు. అది తుప్పుపట్టిన పాత షట్టరు, ఒంటిచేత్తో లాగితే ఒక పక్కకి వాలిపోయి బిగుసుకుంటుంది. ఎప్పుడొచ్చినా కుడివైపు ఆమె పట్టుకునేది. అలవాటు చొప్పున ఇప్పుడూ చెయ్యి వేసింది. వేళ్ళు పట్టీ లోపలి గాడిలోకి వెళ్ళాయి.

బాబాయి ఆగిపోయాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఆమె మొహంలోకి చూడలేదు. వంగి, ఆమె వేళ్ళ వైపు చూశాడు.

"చెయ్యి తియ్యి. పడుతుంది."

ఆమె చెయ్యి తీసింది. ఆయన ఇంకా లాగలేదు. రెండో చెయ్యి ఎక్కడుందో చూశాడు. అది సంచి పట్టుకుని ఉందని తెలిశాక, ఒక అడుగు వెనక్కి జరగమన్నాడు. ఆమె జరిగింది. అప్పుడు ఒంటిచేత్తో, ఆగుతూ ఆగుతూ, షట్టరు కిందిదాకా దించాడు. తాళం వేసి, దాన్ని రెండుసార్లు లాగి చూసుకుని, ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయాడు.